స్టోన్‌హెంజ్ పొరుగూళ్ళు



ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు నైరృతి దిశగా సుమారు 130 కిలోమీటర్ల దూరమున, సాలిస్‌బరీ మైదానమను విశాలమైన పచ్చిక బయలు నడుమ, నేటికి నాలుగువేల అయిదువందల యేండ్ల క్రిందట మానవులు తమ కండబలముతో నిలువబెట్టిన మహాశిలలు కలవనియు, వానికి స్టోన్‌హెంజ్ అని పేరనియు మీలో పెక్కుమంది చదివియే యుందురు. వానిలో పెద్దవి ఒక్కొక్కటి సుమారు ఇరువదియైదు టన్నులు తూగుననియు, అవి పాతిక కిలోమీటర్ల దూరమునుండి వచ్చినవే యైనను, చిన్నవి మాత్రము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న వేల్సు కొండలనుండి వచ్చినవనియు పండితులు నిర్ణయించిరి. నడిమి బలిపీఠశిల స్కాట్లండు ఉత్తరభాగమునుండి వచ్చినదని 2024లో మరియొక పరిశోధన తేల్చినది. అంత బరువును అంత దూరము ఏ దారిని తెచ్చిరో ఊహించుటకే విద్వాంసులకు జీవితకాలములు చాలుట లేదు. ఆ దారి సంగతి వారికే విడిచి, ఆ శిలల ప్రక్కగా నేడు పోవుచున్న దారిని గూర్చియు, దాని మూలమున నెమ్మదికి దూరమైన పొరుగూళ్ళవారు ఏండ్ల తరబడి సాగించుచున్న ఆందోళనను గూర్చియు ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచితిని.

ఆ రోడ్డును సంఖ్యతోనే పిలుతురు, ఏ303 అందురు. లండను పరిసరములనుండి డెవన్, కార్న్‌వాల్ సీమల సముద్రతీరములకు విహారార్థము పోవువారికి అది ముఖ్యమార్గము. ఎయిమ్స్‌బరీ అను చిన్న పట్టణము దాటువరకు పోకకు రెండు వరుసలు, రాకకు రెండు వరుసలుగా, నడుమ విభాజకముతో హాయిగా సాగివచ్చిన ఆ రహదారి, సరిగా స్టోన్‌హెంజ్ పరిసరములకు రాగానే ఒక్కొక్క వరుసకు కుదించుకొనిపోవును. దానికి తోడు, తూర్పునుండి వచ్చువారు కింగ్ బ్యారో మిట్ట యెక్కి దిగునప్పటికి, కుడిచేతి ప్రక్కను, రోడ్డునకు కేవలము 165 మీటర్ల దూరమున, ఆ శిలలు ఒక్కసారిగా కంటబడును. ఆ దేశపు కార్లలోను మన కార్లలోవలెనే చక్రము పట్టువారి స్థానము కుడిప్రక్కనే గదా. కావున బండిలోని అందరికంటె ముందుగా ఆ శిలలను చూచువారును, చూచుచు తమకు తెలియకయే బ్రేకుపై కాలు మోపువారును బండి నడుపువారే. వెనుక కూర్చున్న పిల్లలు అద్దము దించి ఫోటోలు తీయుదురు. ముందరి బండి నెమ్మదించును, వెనుకటి బండి నిలుచును, దాని వెనుక కనుచూపు మేర బారు పేరుకొనును. తెల్లవారుజామున కొద్ది నిమిషములలో దాటదగిన ఆ కొలది మైళ్ళకు వేసవి వారాంతమున గంటసేపు పట్టుటయు కలదు. నిర్మించిననాడు ఎన్ని వాహనములు నడచునని తలచిరో, దాదాపు దానికి రెండింతలు నేడు దానిపై నడచుచున్నవని రహదారుల శాఖవారే ఒప్పుకొనుచున్నారు.

బారులో చిక్కుకొనినవారు ఊరక కూర్చుండరు గదా! ఒకప్పుడు ఆ ప్రాంతము ఎరిగినవారికి మాత్రమే అడ్డదారులు తెలిసెడివి. నేడు చేతిలోని ఫోను అందరికిని అన్ని అడ్డదారులను చూపుచున్నది. ఉత్తరముగా తిరిగి డరింగ్టన్, లార్క్‌హిల్, ష్రూటన్ అను ఊళ్ళ వీథులమీదుగా చుట్టి వచ్చినచో, ముందెక్కడనో మరల పెద్దరోడ్డు ఎక్కవచ్చునని అది సలహా చెప్పును. ఆ సలహా ఒక్కరికి చెప్పిన ఉపకారమే. శుక్రవారము సాయంకాలమున వందలమందికి ఒకే క్షణమున చెప్పినప్పుడు, ఆవులు, గుఱ్ఱపుబండ్లు నడచుటకు ఏర్పడిన ఆ వీథుల గతి ఏమి కావలెను?

ష్రూటన్‌ను కొంచెము దగ్గరగా చూతము. అది స్టోన్‌హెంజ్‌కు పడమరగా అయిదారు కిలోమీటర్ల దూరమున, టిల్ అను చిన్న ఏటి లోయలో ఒదిగియున్న గ్రామము. ఏరు వీథి వెంటనే పారును. రోడ్డు ప్రక్కనే, గుమ్మటపు కప్పుతో, ఒంటి తలుపుతో చిన్న రాతికట్టడ మొకటి నిలిచియున్నది. పూర్వకాలమున తాగి అల్లరి చేసినవారిని తెల్లవారువరకు బంధించియుంచుటకు గ్రామస్థులు కట్టుకొనిన కొట్టు అది. 1841 జనవరిలో మంచు కరగి ఆ ఏటికి హఠాత్తుగా వరద వచ్చి ఇండ్లు కూలిపోగా, చందాలు వసూలుచేసి నిలువనీడ లేనివారికి కట్టించిన కుటీరములు నేటికిని అక్కడ కలవు. టిల్ ఏరు చలికాలమున నిండుగా పారి, వేసవియందు ఎండిపోవు జాతిది. ఊరివారికి శీతకాలమంతయు ఏటి భయము. ఏరు ఎండినదని ఊపిరి పీల్చుకొనునంతలో వేసవి సెలవులు వచ్చి రోడ్డు పొంగును. కాలిబాట లేని మలుపులలో బడిపిల్లలు గోడకు ఒదిగి నిలిచి లారీని పోనిచ్చుటయు, పాత ఇండ్ల కిటికీ అద్దములు భారవాహనముల ధాటికి గడగడలాడుటయు, వీథికి అవతలనున్న అంగడికి పోవుటకు వృద్ధులు ఎంతోసేపు అంచున వేచియుండుటయు ఇట్టి ఊళ్ళ నిత్యజీవితములో చేరిపోయిన సంగతులు.

విచిత్రమేమనగా, స్టోన్‌హెంజ్‌ను జాతికి దానమిచ్చిన మహానుభావుడు పుట్టినది ఈ ష్రూటన్ గ్రామముననే. ఆయన పేరు సెసిల్ చబ్. 1876లో, గుఱ్ఱపు జీనులు కుట్టు ఒక సామాన్యుని ఇంట జన్మించి, చదువుకొని, న్యాయవాదియై, ధనము గడించెను. స్టోన్‌హెంజ్ ఆ కాలమున ఆంట్రబస్ వంశపు జమీందారుల సొత్తు. ఆ వంశపు వారసుడు మొదటి ప్రపంచయుద్ధమున మరణించుటయు, కొలది మాసములకే తండ్రియు గతించుటయు సంభవించి, ఆస్తి వేలమునకు వచ్చెను. 1915 సెప్టెంబరు 21వ తేదీన సాలిస్‌బరీ నాటకశాలలో జరిగిన ఆ వేలములో 15వ లాటుగా, ముప్పది యెకరముల పచ్చికతో సహా, స్టోన్‌హెంజ్‌ను చబ్ 6,600 పౌన్లకు పాడుకొనెను. భార్య కుర్చీలు కొనిరమ్మని పంపగా ఈయన రాళ్ళు కొనివచ్చెనని ఆ ప్రాంతమున ఒక చమత్కారము చెప్పుకొందురు. నిజానిజములు ఎట్లున్నను, మూడేండ్లు గడచిన పిమ్మట, 1918లో, ఆయన దానిని దేశమునకు ధారపోసెను. చూడవచ్చువారి యొద్ద ఒక్క షిల్లింగునకు మించి వసూలు చేయరాదని దానపత్రమున ఒక నియమము వ్రాయించెను. ఆ షిల్లింగు నేడు ఇరువది పౌన్లకు పైబడి పెరిగినది గాని, చుట్టుప్రక్కల ఊళ్ళవారికి ఉచితప్రవేశము మాత్రము ఇప్పటికిని చెల్లుచున్నది. కనుక ష్రూటన్ గ్రామస్థులు డబ్బు లేకుండ లోపలికి పోవచ్చును. ద్వారము దాక చేరుటయే కష్టము.

ఆ శిలలకు దారి యెవరిది అను వివాదము మోటారుబండ్లతో పుట్టినది గాదు. 1900 సంవత్సరాంతమున గాలివానకు ఒక రాయి పడిపోగా, జమీందారు 1901లో చుట్టును ముళ్ళకంచె వేయించి, ద్వారము పెట్టి, రుసుము విధించెను. తరతరములుగా శిలల నడుమనుండి నడచిపోవుచు, అక్కడ విందులు చేసికొనుచు వచ్చిన జనులు ఆగ్రహించిరి. ఆ నడకదారులు ప్రజలవని వ్యాజ్యము నడచెను. 1905లో న్యాయస్థానము జమీందారు పక్షముననే తీర్పు చెప్పినది. శిలలను చూచుటకు యజమాని ఇన్నాళ్ళును దయతో రానిచ్చినంత మాత్రమున దారిపై ప్రజలకు హక్కు ఏర్పడదని దాని సారాంశము. ఓడిపోయినను, ఆ వ్యాజ్యము వేసినవారిని నేను గౌరవింతును. రాళ్ళు ఒక కుటుంబపు సొత్తు కావచ్చును, వాటి యొద్దకు పోవుదారి మాత్రము ఊరిదని వాదించిన మొదటివారు వారు.

తరువాత యుద్ధకాలపు విమానాశ్రయమొకటి శిలలకు సమీపముననే వెలసెను, కాఫీదుకాణమొకటి వెలసెను, ఇండ్ల స్థలములకు అమ్మకము జరుగునను భయము వ్యాపించెను. 1927లో దేశవ్యాప్తముగా విరాళముల సేకరణ మొదలిడి, పిమ్మట చుట్టునున్న నేలను కొని, నేషనల్ ట్రస్టునకు అప్పగించిరి. దుకాణములు తొలగినవి గాని రోడ్లు తొలగలేదు. దక్షిణమున ఏ303 ఒకటి, ఉత్తరమున ఏ344 ఒకటి, ఈ రెంటి నడుమ ఇరుకుసందులో శిలలు నిలిచియుండెను. ఏ344 అయితే హీల్ స్టోన్ అను ఒంటిరాతిని ఒరసికొనుచు, శిలలకు చేరు ప్రాచీన వీథిని అడ్డముగా నరికికొనుచు పోయెడిది. 1986లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ ఆ ప్రదేశమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన పిమ్మటను అదే స్థితి. యాత్రికులకు అక్కడ కల్పించిన వసతులను చూచి 1993లో పార్లమెంటు సంఘమొకటి ఇది జాతికే తలవంపు అని నిందించెను. ఆ నింద ఫలించుటకు మరి యిరువది యేండ్లు పట్టినది. 2013 జూనులో ఏ344ను మూసివేసి, తారు పెకలించి, గడ్డి చల్లిరి. ఆ డిసెంబరులో రెండు కిలోమీటర్లకు పైబడిన దూరమున క్రొత్త సందర్శక కేంద్రమును తెరచిరి. నేడు శిలలయొద్ద నిలిచి ఉత్తరముగా చూచినచో గడ్డియే గాని రోడ్డు కానరాదు. ఆ మార్పు చక్కనిదే; దానిని కాదనువారు అరుదు.

అయితే ఒక ప్రశ్నను ఆ చక్కదనము క్రింద కప్పిపుచ్చిరని నా అభిప్రాయము. ఏ344పై నడచిన బండ్లు గడ్డితోపాటు భూమిలో ఇంకిపోలేదు గదా! ఎయిమ్స్‌బరీనుండి ష్రూటన్‌కును, దానికి ఆవలనున్న డివైజెస్‌కును పోవువారికి అదే దగ్గరిదారి. దానిని మూసినపిమ్మట వారికి రెండే మార్గములు మిగిలినవి: ఒకటి, ముందే క్రిక్కిరిసిన ఏ303పై లాంగ్‌బ్యారో కూడలివరకు పోయి మరలుట; రెండు, లార్క్‌హిల్ సైనికనివాసముల నడుమనున్న వీథిగుండ పోవుట. ఒక్క కొస మూయగా నీరు మరియొక కొసను పొంగుట కాలువ తవ్వు కూలివానికైనను తెలిసిన సంగతి. స్మారకచిహ్నమునకు నెమ్మది చేకూర్చిన చర్యయే పొరుగూళ్ళ నెమ్మదిని కొల్లగొట్టినదని గ్రామస్థులు వాపోవుటలో న్యాయము కలదు.

ఆ వాపోవుటనుండి పుట్టినదే స్టోన్‌హెంజ్ ట్రాఫిక్ యాక్షన్ గ్రూపు అను ష్రూటన్ వాసుల సంఘము. ఊరి సభామందిరమున కూడుట, దారిని పోవు బండ్లను లెక్కపెట్టి చూచుట, ప్రతినిధులకు ఉత్తరములు వ్రాయుట, ప్రభుత్వవిచారణలలో నిలిచి తమ గోడు వినిపించుట, ఇట్టివి ఇటువంటి సంఘముల పనులు. ఆ ప్రాంతములోని పెక్కు గ్రామములలో పసుపుపచ్చ కోట్లు తొడిగికొని, వేగము కొలుచు యంత్రము చేతబట్టుకొని, వీథిచివర నిలుచు స్వచ్ఛందసేవకులు కలరు. వారిలో అధికసంఖ్యాకులు ఉద్యోగవిరమణ చేసినవారు. వారు ఎవరిని ఆపలేరు, ఎవరికిని జరిమానా వేయలేరు; అంకె వ్రాసికొని పోలీసువారికి పంపగలరు, అంతే. చలిలో గంటసేపు నిలిచి అంకెలు వ్రాసికొనుట వీరకృత్యము కాకపోవచ్చును. కాని పౌరధర్మమన్నది చాలవరకు అట్టి విసుగుపుట్టించు పనులతోనే నడచుచున్నది. ఉపన్యాసములు సులభము, మాబోటివారము వాటిని రేడియోలో ఇచ్చిపోవుదుము.

ఆ సంఘమువారు కోరినది ఏమి? ఏ303ను విస్తరింపుడు, శిలలయొద్ద దానిని భూగర్భమున సొరంగమార్గమున పోనిండు, అప్పుడు బారులుండవు, బారులు లేనిచో అడ్డదారులుండవు, మా వీథులు మాకు దక్కును అని. ఇది వారు పుట్టించిన యోచన గాదు. సొరంగము మాట 1990 ప్రాంతములనుండియు నలుగుచునే యున్నది. ఒక పథకము విచారణవరకు పోయి, వ్యయము మితిమీరుటచే 2007లో మూలబడెను. 2014లో మరల తలయెత్తి, క్రమముగా సుమారు 3.3 కిలోమీటర్ల సొరంగముగా రూపొందెను. ఇంగ్లీష్ హెరిటేజ్, నేషనల్ ట్రస్టు వంటి సంరక్షక సంస్థలు కూడ దానిని సమర్థించినవి. రోడ్డు చప్పుడు లేని శిలాసన్నిధి కావలెనని వారి కోరిక. బండ్లు లేని వీథి కావలెనని గ్రామస్థుల కోరిక. రెంటికిని ఒకే బిలము మార్గమైనది.

దానిని ఎదిరించినవారును ఆ శిలలపై ప్రేమచేతనే ఎదిరించిరి. వారి వాదము సూక్ష్మమైనది. ప్రపంచ వారసత్వముగా గుర్తింపబడినది ఆ రాళ్ళ గుంపు మాత్రమే గాదు. సమాధిదిబ్బలు, కందకములు, వీథులు, ఇంకను త్రవ్వి చూడని నేల, అంతయు కలిసి ఇరువదియారు చదరపు కిలోమీటర్ల ప్రదేశము. ఆ ప్రదేశము వెడల్పు సొరంగము పొడవుకంటె ఎక్కువ. కనుక సొరంగపు పడమటి ముఖము, దానికి చేరు లోతైన కోత, వారసత్వభూమి లోపలనే పడుచున్నవి. రాళ్ళను కాపాడుదుమని రాళ్ళకు ఆధారమైన నేలను త్రవ్విపోయుట ఏమి న్యాయమని వారి ప్రశ్న.

తూర్పు కొసన బ్లిక్ మీడ్ అను ఊటమడుగు కలదు. ఎయిమ్స్‌బరీకి అంచున, ఏ303కు ఆనుకొని యున్న ఆ చిత్తడినేలను 2005 నుండి త్రవ్వి చూడగా, స్టోన్‌హెంజ్‌కు వేలయేండ్ల పూర్వమే వేటగాండ్రు అక్కడ మాటిమాటికి వచ్చి విడిసి, అడవిదున్నలను కోసి విందులారగించినట్లు ఎముకలు, చెకుముకిరాతి పనిముట్లు దొరకినవి. ఆ ఊటనీటి గుణమేమో, అందునుండి తీసిన చెకుముకిరాయి గాలి సోకిన కొంతసేపటికి ఎఱ్ఱగులాబి వన్నెకు మారును. నీటిలోని యొక నాచు దానికి కారణమందురు. ఆ కాలపు వేటగాండ్రకు అది దేవతామహిమగా తోచియుండునని ఊహించుట తప్పుగాదు. సొరంగముచే భూగర్భజలము తగ్గి ఆ బురద ఎండినచో, దానిలో ఇన్ని వేల యేండ్లు చెడక నిలిచిన అవశేషములు చెడిపోవునని అక్కడి పరిశోధకులు హెచ్చరించిరి. ఊటమడుగు ఎండునేమో అను భయమును తెలుగునాట బోరుబావులు చూచినవారికి వివరింప నక్కరలేదు.

స్టోన్‌హెంజ్ అలయన్స్ అను కూటమి 2001 నుండి సొరంగమును ఎదిరించువారి పక్షమున పోరాడుచు వచ్చినది. తరువాతి కథను వేగముగా చెప్పెదను, ఏలన అది న్యాయవాదుల కథ. విచారణాధికారులు పథకమును తిరస్కరింపుడని సలహా యిచ్చిరి. మంత్రి 2020 నవంబరులో ఆ సలహాను త్రోసిపుచ్చి పథకమును అనుమతించెను. 2021 జూలైలో హైకోర్టు ఆ అనుమతిని కొట్టివేసినది. పొడవైన సొరంగము వంటి ప్రత్యామ్నాయములను మంత్రి తగినట్లు పరిశీలింపలేదని తీర్పులోని ముఖ్యాంశములలో ఒకటి. 2023 జూలైలో మరియొక మంత్రి మరల అనుమతించెను. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు ఈసారి ఎదిరించినవారి వాదమును కొట్టివేసినది. ఇంతలో ప్రపంచ వారసత్వ సంఘపు సమావేశము మన న్యూఢిల్లీలో జరిగెను. స్టోన్‌హెంజ్‌ను ఆపదలోనున్న సంపదల పట్టికలో చేర్పవలెనను ప్రతిపాదన అక్కడ చర్చకు వచ్చి, సమావేశము దానికి అంగీకరింపక విడిచెను. ఆ సమావేశము ఇంకను ముగియకమునుపే, 2024 జూలై 29వ తేదీన, క్రొత్తగా అధికారమునకు వచ్చిన ప్రభుత్వము సొరంగ పథకమును రద్దుచేసినది. కారణము శిలలు గావు, గ్రామములు గావు; ఖజానాలో ధనము లేదని. పార కదలకముందే ఆ పథకముపై వ్యయమైనది సుమారు 18 కోట్ల పౌన్లు.

ఇక్కడ నేను ఎవరి పక్షమున మాటాడుచున్నానని మీరు అడుగవచ్చును. సొరంగము ఆగిపోయినందుకు నాకు విచారము లేదు. పోయిన నేల తిరిగి రాదు. పైగా, ఆ దారిని పోవు సామాన్యులు కారు కిటికీనుండి రుసుము లేకుండ చూచు ఆ ఒక్క నిమిషపు దర్శనమును నేలక్రిందికి దింపిపెట్టుట చబ్ దానపత్రములోని షిల్లింగు నియమమునకు విరుద్ధమని కూడ నాకు తోచును. బారులకు కారణమైన ఆ చూపే ఆ రోడ్డుకున్న ఒక్క భాగ్యము! అయితే సొరంగము ఆగినందుకు జయధ్వానము చేసినవారు ష్రూటన్ వైపు తిరిగి చూడకపోవుట నాకు రుచింపదు. గ్రామస్థులు సొరంగమును ప్రేమించినవారు గారు; వారికి చూపిన మందు అదొక్కటియే గనుక దానినే కోరిరి.

ముప్పది యేండ్లుగా జరిగిన అన్యాయమంతయు ఆ మందు ఒకటే యని నమ్మించుటలోనే కలదు. వింటర్‌బోర్న్ స్టోక్ అను గ్రామము సంగతి వినుడు. స్టోన్‌హెంజ్‌కు పడమర దిక్కున నున్న ఆ ఊరి నడివీథియే ఏ303. వారికి అడ్డదారుల బెడద లేదు, పెద్దదారియే వారి గడప. ఊరికి ఉత్తరముగా ప్రక్కదారి వేసి బండ్లను మరలింపుడని వారు ఏండ్లతరబడి మొఱపెట్టుకొనిరి. ఆ ప్రక్కదారి వారసత్వభూమికి వెలుపల పడును. దానిపై వచ్చిన అభ్యంతరములు సొరంగముపై వచ్చినవానితో పోల్చదగినవి గావు. అయినను దానిని సొరంగముతో ఒకే కట్టగా కట్టిరి. సొరంగము కోర్టులో నిలిచినన్నాళ్ళు ప్రక్కదారి నిలిచినది. సొరంగము రద్దుకాగా అదియు రద్దయినది. ఎక్కడో ఊటమడుగున నీరు ఇంకునా ఇంకదా అను తగవు తీరకపోవుటచే ఈ ఊరి పిల్లలు రోడ్డు దాటలేకపోవుట ఏ తర్కమున న్యాయమగునో నాకు బోధపడదు.

ష్రూటన్ విషయమును అంతే. ఇంత బరువుకు మించిన లారీలు ఈ వీథిని రాగూడదని నిషేధించుటకు, వేగము తగ్గించుటకు, కాలిబాటలు కట్టుటకు, యాత్రికులను రైలు, బస్సులలో చేర్చుటకు ఏ శిలను కదపనక్కరలేదు, ఏ న్యాయస్థానమును ఎక్కనక్కరలేదు. కాని గొప్ప పథకము నేడో రేపో వచ్చునను ఆశ బలముగానున్నంతకాలము చిన్న పనులకు కలము సాగదు. ఏటేట రానున్న సొరంగమును చూపి, దానితోనే అంతయు సర్దుకొనునని అనుకొనుట కార్యాలయములలో సహజము. మన గ్రామములలోను పెద్ద ప్రాజెక్టు వచ్చునని చెరువు పూడిక తీయక విడిచిన సందర్భములు మీకు గుర్తుకు రావచ్చును. ఆ పదునెనిమిది కోట్ల పౌన్లలో ఒక చిన్న వంతు పొరుగూళ్ళ వీథులకు వెచ్చించినను, నేడు ఆ గ్రామస్థుల చేతిలో చూపుటకు ఏదో కొంత మిగిలియుండెడిది. సొరంగము నడిపినవారు, సొరంగము ఆపినవారు ఇరువురును ఈ మాటకు బదులు చెప్పవలసినవారే.

ఈ సంగతులు మనకేల యని అనుకొనకుడు. నారాయణపేట జిల్లాలో, కృష్ణానదీతీరమున, ముడుమాల్ అను గ్రామమున్నది. అక్కడ చేల నడుమ నిలువెత్తురాళ్ళు బారులు తీరి నిలిచియున్నవి; ఊరివారు వానిని నిలువురాళ్ళని పిలిచి, కొన్నింటికి పూజలు చేయుదురు. 2025లో ఆ శిలలను ప్రపంచ వారసత్వ తాత్కాలిక పట్టికలో చేర్చిరి. తుది గుర్తింపు రావలెనన్న సంవత్సరముల పరిశ్రమ కలదు. ఆ పరిశ్రమలో పండితులు శిలల ఎత్తును, నీడను, నక్షత్రములతో వాని సంబంధమును కొలుతురు. ఆ కాగితములలోనే మరి కొన్ని సంగతులను కూడ ఇప్పుడే వ్రాసికొనుట మేలని నా మనవి: యాత్రికుల బస్సులు ఊరికి ఎంతదూరమున నిలుచును, పత్తి తెచ్చు ట్రాక్టరునకు ఏ దారి మిగులును, ఉన్నదారి నొకదానిని మూయవలసివచ్చినచో దానిపై నడచినవారు మరి యెటు పోవుదురు, ఈ ప్రశ్నలకు గ్రామసభ ఇచ్చిన సమాధానమేమి. రోడ్డు వేయకముందు అడిగిన ప్రశ్నకు ఖర్చు తక్కువ. ష్రూటన్‌లో వాటిని అడుగుట ఏ344పై గడ్డి మొలచిన తరువాత మొదలైనది.